సరుగుడు తోటలో బాన

నేను బాపట్లలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు, డెబ్బైల మొదట్లో, ఒక లెక్చరర్ గారు ఆరుబయట చదువు గురించి పాఠం మొదలుపెట్టారు. పిల్లల్ని నాలుగు గోడల మధ్య కట్టిపడెయ్యకూడదట. చెట్ల కిందికి తీసుకెళ్లాలట. తల్లిదండ్రుల్ని కూడా పక్కన కూర్చోబెట్టి నేర్పించాలట. ఇదంతా పై దేశాల్లో కొత్తగా కనిపెట్టారని ఆయన చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు, పైకే నవ్వేశాను. ఆయన మొహం మాడ్చుకుని నన్ను బయటికి పంపేశారు. వరండాలో నిలబడ్డాక ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది, ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకేడుస్తున్నావని స్నేహితురాళ్లు అడిగితే ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి, ఒక బాన దగ్గర ఆపాలి. అంత ఓపిక నాకప్పుడు లేదు.

మాది రేపల్లె అవతల, వరిపొలాలు అయిపోయి చవుడు నేల మొదలయ్యే చోటు. తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెతో ఆగిపోతుంది. అక్కణ్నుంచి బస్సు, బస్సు దిగాక నడక. ఊళ్లో ఉండేవాళ్లం రైతులం. సముద్రపు పాయ ఒడ్డున పాలెం ఉండేది, అక్కడివాళ్లు వేటకెళ్లి చేపలు పట్టేవాళ్లు. ఊరికీ పాలేనికీ మధ్య ఒక సరుగుడు తోట. ఇసకలో కాస్త నడిస్తే అటునుంచి ఇటు రావచ్చు. పాలెం ఆడవాళ్లు చేపల తట్టలతో రోజూ వచ్చేవాళ్లు. ఊళ్లోవాళ్లు మాత్రం అటు వెళ్లేవాళ్లు కాదు.

మా అమ్మది తెనాలి. ఎస్సెల్సీ దాకా చదివింది. పెళ్లయి ఇక్కడికొచ్చాక చదవడానికి పంచాంగం తప్ప మరో పుస్తకం దొరకలేదని నాన్నని ఎప్పుడూ దెప్పేది. మా ఊరి బడికి మాస్టారు రేపల్లె నుంచి రావాలి. బస్సు వస్తే మాస్టారు వచ్చేవారు, రాకపోతే మాకు సెలవు. పాలెం పిల్లలకి ఆ మాత్రం కూడా లేదు. వచ్చినవాళ్లని విడిగా ఒక మూల కూర్చోబెట్టేవాళ్లు, అందుకని వాళ్లే రావడం మానుకున్నారు.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ అమ్మకంటే కాస్త పెద్దది. నల్లగా, పొడుగ్గా, నెత్తిన తట్టతో చేతులూపుకుంటూ వచ్చేది. పెరటి గుమ్మం దగ్గర తట్ట దించి, "దాహంగా ఉందండి చిన్నమ్మగారూ" అనేది. మా నాయనమ్మ పెద్దమ్మగారు, అమ్మ చిన్నమ్మగారు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పైనుంచి పోస్తే ఆవిడ వంగి దోసిలిపట్టి తాగేది. అందులో నాకేమీ వింత కనిపించేది కాదు. ఎండలో నడిచొచ్చినవాళ్లు అలాగే తాగుతారు కాబోలు అనుకునేదాన్ని. ఆవిడ వెంట నా ఈడు కూతురు వచ్చేది. వాళ్లమ్మ బేరమాడుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్లు నా పలక మీదే ఉండేవి.

"మా పిల్లకి నాలుగు అక్షరాలు చెప్పండి చిన్నమ్మగారూ. రేపు రేపల్లె బజార్లో దాన్నెవరూ మోసం చెయ్యకుండా ఉంటే చాలు" అందొక రోజు.

"దానికొక్కదానికేంటి? నువ్వు కూడా రా. ఇద్దరికీ చెప్తాను" అంది అమ్మ.

"నేనా? బాగానే ఉంది సంబడం. ఎక్కడికి రమ్మంటారండి?"

అసలు చిక్కు అక్కడే ఉంది. వాళ్లని మా ఇంట్లోకి నాయనమ్మ రానివ్వదు. అమ్మని పాలెంలోకి పోనివ్వదు. మధ్యలో మిగిలింది సరుగుడు తోట. దానికి గుమ్మం లేదు కాబట్టి ఎవర్నీ గుమ్మం బయట నిలబెట్టక్కర్లేదు.

అలా మొదలైంది. పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు తిరిగొచ్చేవాళ్లం. దానికి బడి అని పేరేమీ లేదు. "తోటకి పోదాం" అనుకునేవాళ్లం, అంతే. పిల్లలొక్కళ్లే వస్తే అమ్మ వెనక్కి పంపేసేది. ఇంటి నుంచి ఒక పెద్దమనిషైనా కూడా రావాలి. వచ్చినవాళ్లు తమకి తెలిసింది ఒకటి చెప్పాలి, తెలియంది ఒకటి నేర్చుకోవాలి. పాలెం తాత ఒకాయన వల ముడులు వేయించేవాడు, చంద్రుణ్ని బట్టి పోటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. మా వైపు ఆడవాళ్లు విత్తనం ఏరడం, ధాన్యం కొలవడం చూపించేవాళ్లు. అక్షరాలూ ఎక్కాలూ అమ్మవి. అందరికంటే గిరాకీ మాత్రం మా నాయనమ్మకే. మనవరాలికి కాపలా అని వచ్చి, పొడుపుకథలు వెయ్యడంలో పడిపోయింది. పాలెం పిల్లలు "మామ్మా, ఇంకోటి" అని చుట్టూ మూగితే, విసుక్కుంటూనే ఇంకోటి వేసేది. ఆ విసుగు నాకు వారసత్వంగా వచ్చింది. పొడుపుకథలు మాత్రం రాలేదు.

మొదట్లో నీళ్లు ఎవరివి వాళ్లవే. మా బిందె ఒక చెట్టు కింద, పాలెం కుండ మరో చెట్టు కింద. కలిసి కూర్చునేవాళ్లం, కలిసి దిద్దేవాళ్లం, దాహమేస్తే మాత్రం చెరో వైపుకి లేచిపోయేవాళ్లం. అమ్మకి అది కంట్లో నలుసులా ఉండేది. చివరికి కుమ్మరి దగ్గర ఒక పెద్ద బాన కొనిపించి, తోట మధ్యలో ఇసక తవ్వి సగం దాకా పాతించింది. వచ్చిన ప్రతి ఇల్లూ ఒక చెంబెడు నీళ్లు తెచ్చి అందులో పొయ్యాలి. ఎవరికి దాహమేసినా అందులోంచే తాగాలి. ముందు అమ్మ పోసింది, తర్వాత చేపలావిడ పోసింది. రెండూ కలిశాక అమ్మ ముంచుకుని గటగటా తాగింది. మా వైపు ఆడవాళ్లు మూతులు ముడుచుకుని, ఆ రోజు తోటకి రాని నాయనమ్మకి ఈ సంగతి మోసుకెళ్లి చెప్పారు.

నాయనమ్మ ఒంటికాలి మీద లేచింది. అమ్మ చేతి అన్నం మానేసి తనే వండుకుంది. కానీ తోట మానలేకపోయింది, పొడుపుకథల రుచి అలాంటిది. వచ్చి కూర్చునేది, బాన వంక చూసేది కాదు. ఎండకి గొంతెండి గొంతెండి, ఒక రోజు తన తీర్పు తనే చెప్పుకుంది. "అందరిదీ ఒక్క చెరువే కదే. చెట్టు కింద ఉన్న బాన ఎవరింట్లోదీ కాదు. పచ్చినీళ్లకేం దోషంలేదులే." అని ముంచుకుని తాగింది. ఆవిడ తాగాక మా వైపువాళ్లూ ఒక్కొక్కరే ముంచుకున్నారు. ఆ రోజు అమ్మ ఇంటికొస్తూ దారి పొడుగునా కూనిరాగం తీసింది. మా అమ్మ పాడగా వినడం నాకదే మొదలు.

చేపలావిడని అమ్మ "అక్కా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆవిడ కొన్నాళ్లు సిగ్గుపడి, ఒకసారి పొరపాటున అన్నట్టు "చెల్లెమ్మా" అంది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. మా పెరట్లో కూడా చెంబు అమ్మ చేతిలోంచి అందుకుని, ఎత్తిపట్టి తాగేది. నాయనమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. నాకా రోజులంటే ఇప్పటికీ ఎంత ఇష్టమో చెప్పలేను.

మరుసటి ఏడు వేసవిలో కలరా వచ్చింది. ఎక్కడో దూరదేశాల్లో మొదలై, ఓడరేవులు పట్టుకుని అన్ని దేశాలూ తిరుగుతోందని నాన్న రేపల్లె మిల్లు దగ్గర రేడియోలో విని వచ్చాడు. సముద్రం మీదుగా వచ్చిందనేసరికి ఊళ్లో అందరి చూపూ పాలెం మీద పడింది. నిజానికి మొదట పోయిన మనిషి పాలెం వాడు కాదు, మా వీధి చివరింటాయన. అయినా పడిన చూపు పడినట్టే ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మంచినీళ్ల చెరువు అడుక్కి దిగిపోతుంది. పచ్చగా చిక్కబడ్డ ఆ నీళ్లే ఊరికీ పాలేనికీ దిక్కు. దిగే రేవులు మాత్రం వేరు.

బడి మూసేశారు. తోట కూడా ఆపేద్దామన్నారు మా వైపువాళ్లు. అమ్మ ఒప్పుకోలేదు. "ఇళ్లల్లో ఒకళ్ల మీద ఒకళ్లం పడి ఏడుపులు వింటూ కూర్చోవడం కంటే అక్కడే గాలి బాగుంటుంది. దూరం దూరంగా కూర్చుందాం" అంది. ఇంటికొక చాప. చాపకీ చాపకీ మధ్య రెండు చెట్ల ఎడం. అందులో కూడా అమ్మ ఒక ఉపాయం చేసింది. ఒక చాప ఊరిది, పక్కది పాలెంది, దాని పక్కన మళ్లీ ఊరిది. దూరంగా కూర్చోక తప్పకపోతే అందరూ అందరికీ దూరంగానే ఉండాలి గానీ, వాళ్లొక వైపూ మనమొక వైపూ కాకూడదని ఆవిడ పట్టు.

పలకలు ఒకరివొకరు పుచ్చుకోకూడదని, ఎవరి చాప ముందు వాళ్లు ఇసక చదును చేసుకుని వేలితో రాసేవాళ్లం. లెక్కలకి చింతగింజలు పంచుకోవడం పోయి, ఎవరి చెట్టు కింద రాలిన సరుగుడు కాయలు వాళ్లు ఏరుకున్నాం. వల ముడి దూరానికి కనపడదని పాలెం తాత పడవ మోకు తెచ్చి, లావుగా, నెమ్మదిగా ముడివేసి చూపించేవాడు. నాయనమ్మ పొడుపుకథని అరిచి చెబితే జవాబులు కూడా అరుపులే. గాలి ఎదురైతే సగం మాట కొట్టుకుపోయేది. అమ్మ గొంతు బొంగురుపోయింది. నాకు నవ్వుగానూ ఉండేది, భయంగానూ ఉండేది. ఇవాళ వచ్చిన చాప రేపు వస్తుందో రాదో తెలిసేది కాదు.

ఒక పొద్దున హెల్త్ ఇన్‌స్పెక్టర్ సైకిల్ మీద వచ్చాడు. కలరా సూదులు వెయ్యడానికీ, చెరువులో బ్లీచింగ్ చల్లించడానికీ వచ్చిన మనిషి. తోటలో చాపలు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత ఆయన కళ్లు బాన మీద పడ్డాయి.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

అమ్మ గర్వంగానే చెప్పింది, అన్ని ఇళ్ల నీళ్లూ ఇందులో పోస్తాం, అందరం ఇందులోంచే తాగుతాం అని. ఆయన తల పట్టుకున్నాడు.

"కొంప ముంచారు కదమ్మా! ఒకింట్లో రోగం ఉంటే ఇందులోంచి అన్ని ఇళ్లకీ పోతుంది. ముందు దీన్ని తీసెయ్యండి. ఎవరి నీళ్లు వాళ్లు ఇంట్లో కాచుకుని తెచ్చుకోండి."

ఆయన మాటలో అబద్ధం లేదు. మా అమ్మ ఎంతో ప్రేమగా పెట్టిన ఏర్పాటే కలరాకి అన్నిటికంటే అనువైన దారి. అది అమ్మకి వెంటనే అర్థమైంది, మొహం పాలిపోయింది. మా వైపు ఆడవాళ్ల మొహాలు మాత్రం విప్పారాయి. "ఎవరివి వాళ్లు తెచ్చుకోవడమే మేలండి. ఎప్పటికైనా అదే మేలు" అంది ఒకావిడ. చేపలావిడ ఆ మాట విని, చాప ముందు తను రాసుకున్న అక్షరాల్ని చేత్తో చెరిపేసి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు బాగానే ఉన్నాయి, చెరపాల్సిన పనేమీ లేదు.

బాన తీసేస్తే మళ్లీ పెట్టలేనని అమ్మకి తెలుసు. ఉంచితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలీదు. ఆ రోజంతా అన్నం సయించలేదు ఆవిడకి. సాయంత్రానికి ఒక దారి దొరికింది. బాన ఉంటుంది, పచ్చినీళ్లు ఉండవు. తోటలోనే రాళ్లపొయ్యి పెట్టి, అందరి కళ్లముందూ నీళ్లు మరిగించి, చల్లార్చి బానలో పోస్తారు. అందులో ఎవరూ చెయ్యి ముంచరు, కొబ్బరిచిప్ప గరిటెతో ఎవరి గ్లాసులో వాళ్లు పోసుకుంటారు. కాచే పని రోజుకొక ఇంటిది. ఇన్‌స్పెక్టర్ కూడా, నీళ్లు బాగా మరిగితే తనకేం అభ్యంతరం లేదన్నాడు.

"ఎందుకొచ్చిన తంటా ఇది? మనింట్లోనే కాచి పట్టుకెళ్లరాదూ రోజూ?" అన్నాడు నాన్న.

"అప్పుడది మన బాన అయిపోతుంది. వాళ్లు మన దయమీద తాగేవాళ్లవుతారు. రోజూ పెరట్లో పైనుంచి పోసింది అదేగా ఇన్నేళ్లూ" అంది అమ్మ.

బానని ఇసకతో తోమి, లోపల సరుగుడాకు మంట వేసి కాల్చి, ఎండబెట్టారు. ముందు మా ఇంటి వంతు, తర్వాత మా వైపు మరో ఇంటి వంతు. సాఫీగానే జరిగింది. నీళ్లు మరగడం చూడటం పిల్లలకి కొత్త పాఠమైపోయింది. మూడో రోజు వంతు చేపలావిడది.

ఆవిడ ఆ రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సత్తు గిన్నె అద్దంలా తోమి తెచ్చింది. పొయ్యి దగ్గర కూతుర్ని కూడా రానివ్వకుండా తనే కూర్చుని, నీళ్లు కుతకుతా ఉడికినా దించకుండా ఇంకా మంట ఎగదోసింది. చల్లారాక ఒక్క చుక్క ఒలకకుండా బానలో పోసి, పక్కకి తప్పుకుని నిలబడింది. "ఇక తాగొచ్చు చెల్లెమ్మా" అంది. ఆ గొంతులో ఉన్న సంబరం నాకిప్పటికీ వినిపిస్తుంది.

అమ్మ లేచి పోసుకుని తాగింది. నాకూ ఇచ్చింది. పొగ వాసన వేశాయి నీళ్లు. పాలెం వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తాగారు. మా వైపు చాపల మీంచి ఎవ్వరూ లేవలేదు. ఎండ ఎక్కుతోంది. పిల్లలు దాహమని గునుస్తుంటే తల్లులు కళ్లతోనే బెదిరించారు. అందరూ నాయనమ్మ వంక చూస్తున్నారు. బాన సంగతిలో తీర్పు ఆవిడదే కదా మరి.

"అత్తయ్యా, మీకు పొయ్యనా?" అంది అమ్మ.

నాయనమ్మ తక్కువ గొంతుతో, "పచ్చినీళ్లు వేరే. పొయ్యెక్కితే అది వంటే. అన్నం ఎంతో, కాచిన నీళ్లూ అంతే" అంది.

ఎన్నాళ్లుగానో అరిచి చెబితేగాని వినపడని తోటలో, ఆ తక్కువ గొంతు అందరికీ వినపడింది. ఈ ఆచారాల లెక్క నాకు ఆ వయసులోనూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. చెరువులో ఉన్నంతసేపూ దోషంలేని నీళ్లకి, రోగం పోవడానికి పొయ్యి మీద పెడితే దోషం పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా వైపు ఆడవాళ్లు చాపలు చుట్టేసి, పిల్లల్ని చెరువు వైపు తోలుకెళ్లారు. వాళ్ల వెనకే నాయనమ్మ. బ్లీచింగ్ వాసన గిట్టదని, మందు చల్లని అవతలి మూలకి పోయి, అక్కడ తాగారట అందరూ. కాచిన నీళ్లు నిండుగా ఉన్న బానని వదిలి.

మర్నాటికి నాయనమ్మకి పట్టుకుంది. వాంతులు, భేదులు. మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడి, వేళ్లు ముడతలు పడ్డాయి. అమ్మా నాన్నా బండి కట్టించి రేపల్లె ఆస్పత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా అమ్మే ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, కాచిన నీళ్లలో ఉప్పు వేసి చెంచాతో పోసిందట. నాయనమ్మ ఆ నీళ్లు తాగింది, అమ్మ కాచినవి కాబట్టి. సెలైన్ ఎక్కించారు. బతికింది. మా వైపే మరో ఇంట్లో పసిపిల్ల బతకలేదు.

ఊరంతా ఒక్కటే మాట. పాలెందాని నీళ్లు తాగబట్టే ఇంత పని జరిగిందని. ఆ రోజు తోటలో ఎవరు తాగారో ఎవరు తాగలేదో చూసిన కళ్లే ఆ మాట అన్నాయి. తాగిన మేమంతా నిక్షేపంలా తిరుగుతున్నాం, అది ఎవరికీ పట్టలేదు. పాలెం ఆడవాళ్ల దగ్గర చేపలు కొనడం మానేశారు. చెరువులో వాళ్ల రేవు మూసెయ్యాలని కూడా కొందరు లేచారు. ఆ రేవు పోతే వాళ్లకి మంచినీళ్లు లేవు. ఇక అది తోట సంగతి కాదు, పాలెం బతుకు సంగతి అయిపోయింది.

నాయనమ్మ ఇంటికొచ్చాక చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. అరుగు మీద మంచం వేసి పడుకోబెట్టాం. నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి అదే పాట అందుకున్నారు. "ఆ నీళ్లే ప్రాణం మీదికి తెచ్చాయి పిన్నీ. మీ కోడలి చాదస్తం కాకపోతే..." సరిగ్గా అప్పుడే చేపలావిడ వచ్చింది. చేతిలో రెండు కొబ్బరి బోండాలు. వండినవి పనికిరావని తెలిసి, చెట్టు మీంచి దింపించినవి తెచ్చింది. అరుగు కింద ఎండలో నిలబడి, "ఎలా ఉందండి మామ్మగారికి?" అని అడిగింది.

అమ్మ మంచం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. మా అమ్మ నాయనమ్మని ఏదీ బతిమాలగా నేను చూడలేదు అంతవరకు.

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్కమాట చెప్పండి. ఆ రోజు అక్క కాచిన నీళ్లు మీరు తాగారా? నిజం చెప్పండి, చాలు. వాళ్ల రేవు నిలబడుతుంది."

నాయనమ్మ అరచేతులు ఆనించి లేచి కూర్చుంది. నీరసంతో వణుకుతోంది. అందరి వంకా చూసింది.

"నేనా? వాళ్లు కాచిన నీళ్లు నేను తాగడమేంటి?" అంది. గొంతులో పౌరుషం. "ప్రాణం పోయినా వాళ్ల చేతి వంట ముడతానా! నేను తాగింది చెరువు నీళ్లు. వీళ్లందరూ నాతోపాటే తాగారు. కావాలంటే అడగండి."

అంతే. వచ్చినవాళ్లు తలలు దించుకున్నారు. నాయనమ్మ అబద్ధం ఆడలేదు, అమ్మ అడిగింది అడిగినట్టు చెప్పింది. చేపలావిడ మీది నింద ఆ క్షణంలోనే పోయింది. రేవు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను చేపలావిడ వంక చూశాను. నింద మోసిన ఇన్నాళ్లూ ఆవిడ మొహం అలా లేదు. బోండాలు అరుగు అంచున పెట్టి, "పెద్దమ్మగారు నిజమే చెప్పారండి" అని వెనక్కి తిరిగింది.

"అక్కా, ఆగు" అని అమ్మ పిలిచింది. ఆవిడ ఆగలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మకి బోండం నీళ్లు నేనే తాగించాను. "తియ్యగా ఉన్నాయే" అంది, కళ్లు మూసుకుని. నాకు ఆవిడంటే అసహ్యం వేసింది, బతికినందుకు సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి ఒక మనిషి మీద వేస్తాయని నాకు అప్పటిదాకా తెలీదు. అమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. గెలిచావు కదమ్మా అందామనుకున్నాను గానీ ఆవిడ మొహం చూసి అనలేకపోయాను.

వానలు పడ్డాయి. కాలువలు వదిలారు. కలరా పోయింది, బడి తెరిచారు. తోటకి మా వైపువాళ్లు మళ్లీ రావడం మొదలుపెట్టారు, ఎవరి మరచెంబు వాళ్లు పట్టుకుని. రోగం పోయినా ఆ అలవాటు పోలేదు, శుభ్రమని దానికొక మంచి పేరు కూడా దొరికింది. పాలెం చాపలు రాలేదు. అమ్మ పొద్దున్నే వెళ్లి బాన నింపి, ఎండెక్కేదాకా కూర్చుని వచ్చేది. కొన్నాళ్లకి అదీ మానేసింది. నేను ఆరో తరగతికి రేపల్లె హైస్కూల్లో చేరాను. బస్సు కోసం నిలబడితే చేపలావిడ కూతురు చిన్న తట్టతో ఎదురయ్యేది. పలకరిస్తే నవ్వేది, నా చేతిలో పుస్తకాల వంక మాత్రం చూసేది కాదు.

చేపలావిడ మా పెరట్లోకి మళ్లీ వచ్చింది, ఎండ బాగా కాస్తున్న ఒక రోజు. అమ్మ పరుగున వెళ్లింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"చేపలు తీసుకుంటారాండి చిన్నమ్మగారూ?"

అమ్మ ఏ చేపలో, ఎంతో చూడకుండానే తీసుకుంది. ఆవిడ చెమట తుడుచుకుంటుంటే లోపలికెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి, రెండు చేతులతో ముందుకి చాపింది. "తీసుకో అక్కా."

ఆవిడ చెంబు అందుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, నడుం వంచి దోసిలిపట్టింది. అమ్మ చెంబు చాపినట్టే నిలబడిపోయింది. ఎంతసేపటికీ నీళ్లు పడకపోయేసరికి ఆవిడ తలెత్తకుండానే అంది.

"పొయ్యండి, చిన్నమ్మగారూ."